మా గురువారం కూడికలో ఎవరూ నోరు విప్పడం లేదు

ప్రశ్న

అక్కా, వందనాలు. మాది గాజువాక. మా ఇంట్లో ప్రతి గురువారం సాయంత్రం ఏడున్నరకు చిన్న కూడిక పెట్టుకుంటాం. ఎనిమిది తొమ్మిది మంది వస్తారు. మొదలుపెట్టి నాలుగేళ్లయింది. రెండు పాటలు పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసుకుంటాం. ఈ మధ్య అందులో జీవం పోయిందనిపిస్తోంది. వాక్యం చదవగానే మాలో ఒక పెద్దాయన వివరించడం మొదలుపెడతారు. ఆయనకు బైబిలు బాగా తెలుసు. ముప్పావు గంట చెబుతారు, మేమంతా తలూపి ఆమెన్ అంటాం. "ఎవరైనా సాక్ష్యం చెప్పండి" అంటే అందరూ తలలు దించుకుంటారు. నేనూ అంతే. చెప్పుకోదగ్గ అద్భుతం నా జీవితంలో ఏదీ జరగలేదు. రెండు నెలల క్రితం ఒక సిస్టర్ తన ఇంటి గొడవ చెప్పుకుని ఏడ్చింది. మూడు రోజుల్లో ఆ సంగతి సంఘమంతా పాకింది. ఆవిడ రావడం మానేసింది. మా పక్కింటావిడ హిందువు. "నేనూ వచ్చి కూర్చోనా?" అని అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియడం లేదు. వాక్యంతో ప్రార్థన చేయడం అంటే అసలు ఎలా? కూడిక ఆపేయమంటారా? మా అబ్బాయికి ఇంజనీరింగ్ అయి రెండేళ్లయినా ఉద్యోగం రాలేదు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఈ మాట కూడికలో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక సోదరి, గాజువాక

సమాధానం

ప్రియమైన సోదరీ, వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన వరుస వదిలేసి ఆ సిస్టర్ సంగతితో మొదలుపెడతాను. మిగతావన్నీ రెండు వారాలు ఆగినా ఫరవాలేదు, ఇదొక్కటీ ఆగకూడదు.

మీరు ఆవిడ ఇంటికి వెళ్లండి. ఫోన్లో వద్దు. ఇంకెవరినీ వెంటబెట్టుకోకండి. "మా ఇంట్లో మీరు చెప్పుకున్న మాట బయటికి వెళ్లింది. తప్పు మాది. నన్ను క్షమించండి" అనండి. ఎవరు చెప్పారో, ఏ ఉద్దేశంతో చెప్పారో వివరించకండి. "మళ్లీ కూడికకు రండి" అని ఆ రోజు అడగకండి. అలా అడిగితే, ఆవిడ కోసం కాక మీ కూడిక కోసం వచ్చారని అనుకుంటుంది. ఆవిడ కోప్పడితే వినండి. గుమ్మంలోంచే పంపేస్తే నొచ్చుకోకుండా వచ్చేయండి.

మన సంఘాల్లో గుట్టు ఎలా బయటపడుతుందో మీకూ తెలుసు. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థన చేయండమ్మా, ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉందట" అని ఒక ఫోన్ వెళ్తుంది. అందుకున్నావిడ నిజంగానే మోకరిస్తుంది. లేచాక ఇంకొకరికి చెబుతుంది. అక్కడి నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ అవుతుంది. ఒక్కరికి కూడా తాము కొండెం చెప్పామని అనిపించదు, ప్రార్థన విన్నపం పంచుకున్నామనే అనుకుంటారు. ఈ పని నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం మా గుంపులో ఒక అమ్మాయి తన పెళ్లి గురించి చెప్పిన మాటను నేను ఇంకో పెద్దావిడ చెవిన వేశాను, మంచి ఉద్దేశంతోనే. ఆ అమ్మాయి ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతుంది గానీ తన మనసులో సంగతి మళ్లీ ఎన్నడూ నాకు చెప్పలేదు. సామెతల గ్రంథం 11వ అధ్యాయంలో "నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును" అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ పిల్ల ముఖమే కనబడుతుంది.

అందుకని మీ గుంపులో ఒక మాట అనుకోండి. ఈ గదిలో విన్నది ఈ గదిలోనే ఉండాలి. ఇంటాయనకు చెప్పకూడదు, పాస్టరు గారికీ చెప్పకూడదు. బయట ఎవరిచేతనైనా ప్రార్థన చేయించాలనిపిస్తే, చెప్పుకున్న మనిషిని ముందు అడగాలి. "వద్దు" అంటే వద్దు. దీన్ని ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు, నెలకోసారైనా పైకి చదవండి. ఎవరూ నోరు విప్పడం లేదని రాశారు కదా, రెండు నెలల క్రితం జరిగినదాన్ని అందరూ చూశారు. ఆ తరువాత మాట్లాడకపోవడం నాకు వింతగా అనిపించడం లేదు.

దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది. ఒకావిడను ఇంట్లో కొడుతున్నారని తెలిసినా, ఎవరైనా బతకాలని లేదన్నా, గుట్టు పేరుతో చేతులు ముడుచుకుని కూర్చోకండి. ఆ మనిషి పక్కనే ఉండి, ఆమెకు చెప్పే సాయం పిలవండి. మహిళల హెల్ప్‌లైన్ 181, మానసిక సహాయానికి టెలిమానస్ 14416. రెండూ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. ప్రార్థనా చేయండి, ఫోనూ చేయండి.

ఇప్పుడు వాక్యం సంగతి. ఒకటో కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అని చదువుతాం. ధ్యానించు అన్నచోట హెబ్రీలో ఉన్న మాట "హగా". లోగొంతుకతో గొణుక్కోవడం అని దానికి అర్థం. యెషయా 38వ అధ్యాయంలో హిజ్కియా తాను గువ్వలా మూలిగానంటాడు, అక్కడా ఇదే మాట. కాబట్టి వాళ్లకు ధ్యానం అంటే నోటితో మెల్లగా అనుకుంటూ ఉండే పని. అచ్చు పుస్తకాలు లేని కాలంలో వాక్యం చాలామందికి చెవి ద్వారానే అందింది. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్ కొండల్లో గ్వీగో అనే మఠవాసి దీన్ని భోజనంతో పోల్చాడు. చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానం అంటే నమలడం, ప్రార్థన అంటే రసం దిగడం, ఆ తరువాత దేవుని దగ్గర ఊరికే ఉండిపోవడం అంటే ఆ తీపి. మనకు నెమరు వేయడం అన్న మాట ఉంది, నాకు అదే బాగుందనిపిస్తుంది. ఆవు గబగబా మేసి, నీడన కూర్చున్నాక తీరిగ్గా నెమరు వేస్తుంది. మన కూడికల్లో మేత ఎక్కువైంది, నెమరు వేసే తీరిక లేదు. ఒక సాయంత్రం మూడు అధ్యాయాలు, పదహారు రిఫరెన్సులు. ఇంటికి వెళ్లేసరికి ఒక్క వచనం గుర్తుండదు.

గుంపులో దీన్ని ఎలా చేయాలో దక్షిణాఫ్రికాలో ఫ్రిట్జ్ లోబింగర్, ఆస్వాల్డ్ హిర్మర్ అనే ఇద్దరు కతోలిక గురువులు ఏడు మెట్లుగా అమర్చారు. ఆసియా దేశాల్లోని చిన్న క్రైస్తవ సమాజాల్లోనూ అది వాడుకలోకి వచ్చింది. మీరు ఏ సంఘం వాళ్లో రాయలేదు. ఏ సంఘమైనా ఇందులో అభ్యంతరపడాల్సింది నాకేమీ కనబడలేదు. ముందు ఎవరో ఒకరు సొంత మాటల్లో ప్రభువును ఆహ్వానిస్తారు. తరువాత ఒక చిన్న భాగం, పది వచనాలకు మించకుండా, మెల్లగా చదువుతారు. చదివాక ఎవరి మనసుకు తగిలిన మాటను వాళ్లు పైకి అంటారు. "నీకు చింతలేదా" అని ఒకరు, "తలగడమీద" అని ఇంకొకరు, అంతే. వివరణ ఇవ్వకూడదు. ఒక్కో మాటను ప్రార్థనలా మూడుసార్లు అంటారు. నాలుగోది మౌనం, మూడు నిమిషాలు. అటు తరువాతే పంచుకోవడం. ఆ వెనక "ఈ వారం మనం ఎవరికైనా చేయాల్సింది ఉందా?" అని ఒక చిన్న మాట. చివర ఎవరికి తోచినట్టు వాళ్లు ప్రార్థన.

మౌనం దగ్గర మీకు కష్టమవుతుంది, ముందే చెబుతున్నాను. మూడు నిమిషాలు మూడు గంటల్లా ఉంటాయి. ఫ్యాను చప్పుడు, కింద బస్సు హారన్, పక్కింట్లో సీరియల్, అన్నీ వినబడతాయి. ఎవరో ఒకరు ఆగలేక "స్తోత్రం, స్తోత్రం" అంటారు, లేదా పాట ఎత్తుకుంటారు. చిన్నప్పటి నుంచి మనకు ప్రార్థన అంటే గొంతెత్తడమే అలవాటు. వాళ్లను ఆపకండి, మొదటి నెల ఒక్క నిమిషమే పెట్టుకోండి. మా గుంపులో ఇది కుదురుకోవడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. ఆ తరువాత ఒక సంగతి గమనించాను. మౌనం తరువాత మాట్లాడేవాళ్ల గొంతు మారుతుంది. తగ్గుతుంది. అంతవరకు ఎప్పుడూ మాట్లాడని మనిషి మొదటిసారి నోరు తెరిచేది కూడా ఆ మౌనం తరువాతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబరు 12, ఆదివారం మన విశాఖ మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎటు చూసినా పడిపోయిన చెట్లే. కొన్ని రోజుల తరువాత మా గుంపులో ఐదుగురం కొవ్వొత్తి పెట్టుకుని కూర్చున్నాం. మార్కు సువార్త 4వ అధ్యాయంలో తుపాను భాగం చదివాం. మాలో పెదజాలారిపేట నుంచి వచ్చే ఒక అమ్మ ఉండేది, చేపలమ్ముకునేది. చదువు రాదు. "ఆయన దోనె అమరమున" అని చదువుతుంటే ఆవిడ "అమరమా?" అని ఆపింది. నేను ఆ మాటను ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నాను. అమరం అంటే పడవలో ఎక్కడో ఒక మూల అనుకునేదాన్ని. "అమరం అంటే వెనకాల వైపమ్మా. చుక్కాని ఉండేది అక్కడే. పడవ నడిపేవాడి చోటు అది. అక్కడ పడుకున్నాడా ఆయన!" అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. పైకప్పు రేకులు పోయిన మనిషి ఆవిడ. కాసేపటికి, "మరి నాకెందుకు భయమేసింది ఆ రోజు" అంది. ఎవరికో చెప్పినట్టు కూడా లేదు. ఆవిడ చెప్పింది సాక్ష్యమో కాదో నాకు తెలియదు. ఆ భాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు, అన్నిటికంటే ఆవిడ మాటే నాలో నిలిచిపోయింది.

ఆ సువార్తను మన భాషలోకి తెచ్చే పని మన విశాఖపట్నంలోనూ జరిగింది. 1805లో లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చారు. ఆనందరాయర్ అనే క్రైస్తవుడిని పక్కన కూర్చోబెట్టుకుని అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. వాళ్లిద్దరూ ఆ అచ్చు కాగితం చూడలేదు. ఈ ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఒక గదిలో కూర్చుని, ఒక్కో మాట దగ్గర ఆగి, "ఇది మన తెలుగులో ఎలా చెబుతాం?" అని ఒకరినొకరు అడిగి ఉంటారు. మీ గాజువాక ఇంట్లో గురువారం సాయంత్రం జరగాల్సింది కూడా దాదాపు అదే. "ఈ మాట నా బతుకులో ఎలా ఉంటుంది?" అని మనల్ని మనం అడగడం.

మీరు రాసిన ఆ పెద్దాయన గురించి. ఆయనను అందరి ముందు ఆపకండి. కూడిక లేని రోజు ఆయన దగ్గరికి వెళ్లి, "అంకుల్, మీ సాయం కావాలి. మా వాళ్లు మీ ముందు మాట్లాడటానికి జంకుతున్నారు. వాక్యం మీరే చదవండి, రెండుసార్లు, మెల్లగా. పంచుకునేటప్పుడు మాత్రం మీరు అందరికంటే చివర మాట్లాడండి. మీ జీవితంలో ఆ మాట ఏం చేసిందో చెప్పండి, మేం ఎప్పుడూ వినలేదు" అనండి. ఇది పొగడ్త అనుకోకండి. నాలుగేళ్లుగా ఆయన బోధ విన్నారు గానీ, ఆయన సంగతి మీలో ఎంతమందికి తెలుసు? ఎక్కువ బోధించేవాళ్లలో చాలామందిని "మీరెలా ఉన్నారు?" అని ఎవరూ అడిగి ఉండరు. ఆయన నొచ్చుకోవచ్చు, ఒకటి రెండు వారాలు రాకపోవచ్చు. అయినా అడగాలి. లోతుగా బైబిలు నేర్చుకోవాలనే కోరిక మీ వాళ్లకు ఉంటే నెలలో ఒక గురువారం పూర్తిగా ఆయనకే ఇవ్వండి. ఆ జ్ఞానం వృథా పోకూడదు.

పంచుకునేటప్పుడు "నేను", "నాకు" అనే మాటలతో మాట్లాడమని అందరికీ చెప్పండి. "మనం విశ్వాసంలో బలంగా ఉండాలి" అంటే అది ప్రసంగం. "ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే నిన్న రాత్రి..." అంటే అది పంచుకోవడం. రెండు వాక్యాలు చాలు. మాట్లాడలేనివాళ్లు "ఈ రోజు వింటాను" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగకూడదు. లూకా సువార్తలో గొర్రెల కాపరులు చూసిందంతా ఊరంతా చెప్పుకుంటూ వెళ్లారు, మరియమ్మ మాత్రం ఆ మాటలన్నీ హృదయంలో తలపోసుకుంటూ దాచుకుంది. ఇద్దరూ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నారు. ఒకరు చెప్పింది విని ఇంకొకరు సలహా ఇవ్వకూడదు, సరిదిద్దకూడదు, వెంటనే వాగ్దాన వచనం అందించకూడదు. ఈ చివరిది మనవాళ్లకు మహా కష్టం. ఎవరైనా ఏడుస్తుంటే యిర్మీయా 29:11 చేతిలో పెట్టేస్తాం. యోబు స్నేహితులు మొదట ఏడు రోజులు అతనితో కూడా నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట పలకలేదు. వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే పాడుచేశారు.

అద్భుతం లేదన్నారు. సాక్ష్యం అంటే జబ్బు నయమవడం, వీసా రావడం అనే లెక్క మనకు ఎలాగో వచ్చేసింది. ఆ లెక్కలో ఇంకా నయం కానివాళ్లు, ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లు నోరు మూసుకోవాల్సి వస్తుంది. మార్కు 9వ అధ్యాయంలో జబ్బు పిల్లవాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. కొడుకు బాగవ్వక ముందు అన్న మాట అది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, చివర ఒక్క స్తుతి మాట కూడా లేదు. అయినా దాన్ని మన కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు.

పక్కింటావిడను రమ్మనండి. ఏం జరుగుతుందో ముందే చెప్పండి, పాడతాం, చదువుతాం, కాసేపు మౌనంగా ఉంటాం అని. అతిథిలా చూసుకోండి. ఆవిడ వచ్చిందని ఆ రోజు వాక్యం మార్చకండి, ఆవిడను ఉద్దేశించి ఎవరూ ప్రార్థన చేయకూడదు, ఇలా చేస్తే మీ ఇంట్లో కష్టాలు తీరతాయని మాట ఇవ్వకూడదు. ఏదైనా అడిగితే సూటిగా, మెత్తగా, మీకు తెలిసినంత చెప్పండి. రేపు రావడం మానేసినా మీ కూర గిన్నెలు అటూ ఇటూ వెళ్లడం ఆగకూడదు.

కూడిక ఆపకండి. ఇంతమంది నాలుగేళ్లు ప్రతి గురువారం రావడం చిన్న సంగతి కాదు. ఒక్కటి మార్చుకోండి. ప్రతిసారీ మీ ఇంట్లోనే ఎందుకు జరుగుతోందో ఆలోచించండి. టిఫిన్లు పెట్టాల్సి వస్తుందని మిగతావాళ్లు వెనకాడుతుంటారు. టీ, మంచినీళ్లు తప్ప ఇంకేమీ పెట్టకూడదని అనుకుంటే ఒక గది ఇల్లున్న సిస్టర్ కూడా పిలవగలుగుతుంది.

ఇక మీ అబ్బాయి. ఉత్తరం చివర, అన్నీ అయ్యాక, మూడు చిన్న వాక్యాల్లో రాశారు. నాకైతే ఉత్తరమంతా ఆ వాక్యాల కోసమే రాసినట్టు అనిపించింది. రెండేళ్లుగా అతనికి ఉద్యోగం లేదు, మీకు నిద్ర లేదు, నాలుగేళ్లుగా ప్రతి గురువారం మీ ఇంట్లోనే ప్రార్థన, అయినా అక్కడ ఈ మాట రాలేదు. మీరు ఇల్లు ఇచ్చినవాళ్లు, నవ్వుతూ కుర్చీలు వేసేవాళ్లు, మీకే కష్టముంటే మిగతావాళ్లు ఏమనుకుంటారోనని ఉండి ఉంటుంది. కానీ ఈ సంగతి మీ ఒక్కరిదే కాదు, మీ అబ్బాయిది కూడా. ముందు అతన్ని అడగండి. "నీ పేరు ఎత్తను, నా భయం గురించే చెప్పుకుంటాను, ఫరవాలేదా?" అని. వాడు వద్దంటే, "నాకు నిద్ర పట్టడం లేదు, ప్రార్థన చేయండి" అన్నంత చాలు. దేవుడు మిగతాది వింటాడు, మీ వాళ్లు కూడా ఊహించుకోకుండా ఊరుకోవడం నేర్చుకోవాలి.

ఈ వారం మార్కు 4:35 నుంచి 41 వరకు తీసుకోండి. పెద్దాయన చేత చదివించండి. "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అన్న మాట దగ్గర మీ గుండె ఆగితే ఆ మాటనే మూడుసార్లు అనండి, పైకి, మీ గొంతుతో. శిష్యులు దాన్ని మర్యాదగా అనలేదు. ఆయన "ఇంకా నమ్మిక లేదా" అని వాళ్లను అడిగింది గాలి అణిగాకే, ముందు లేచాడు. మీరు ఆ మాట అని ఊరుకున్నా సరే. ఆ తరువాత ఒక్క వాక్యం కలిపినా సరే. టీ మాత్రం ప్రార్థనలన్నీ అయ్యాకే పెట్టండి, మధ్యలో కప్పుల చప్పుడు మొదలైతే మళ్లీ ఆ మౌనం రాదు.

ఆ సిస్టర్ ఇంటికి మాత్రం బుధవారం లోపే వెళ్లండి.